పక్క పెట్టె ఊడి వచ్చే కుట్టు మిషన్: ఏడేళ్ళు వాడాక

ఈ కరెంటు కుట్టు మిషన్ ఏడేళ్ళుగా వాడుతున్నాను. ఎన్ని రకాల కుట్లు వేస్తుంది, మోటారు ఎన్ని వాట్లు అన్నవి డబ్బా మీదే రాసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దాని ముందు భాగంలో, సూదికి ఎడమ వైపున ఉండే చిన్న ప్లాస్టిక్ పెట్టె గురించి. బాబిన్లు (కింది దారం చుట్టుకునే చిన్న చక్రాలు), సూదులు దాచుకునే పెట్టె అది. పక్కకి లాగితే ఊడి వస్తుంది. అప్పుడు సూది కింద సన్నటి చెయ్యి లాంటి భాగం ఒక్కటే మిగులుతుంది, దాని కిందంతా ఖాళీ. చొక్కా చేతినో ప్యాంటు కాలినో దానికి గాజులా తొడిగి, గుండ్రంగా తిప్పుకుంటూ కుట్టుకోవచ్చు. దీన్ని ఫ్రీ ఆర్మ్ అంటారు. కొన్న రోజున నేను దీన్ని అసలు పట్టించుకోలేదు. ఇప్పుడు మిషన్ గురించి ఎవరడిగినా ముందు దీని గురించే చెబుతున్నాను.

మా ఇంట్లో పదమూడు మందిమి. అత్తయ్యగారు, మామయ్యగారు, ముగ్గురు అన్నదమ్ములు, మేం ముగ్గురు తోడికోడళ్ళం, ఐదుగురు పిల్లలు. ఆడపిల్లలకి ఫ్రాకులు, కిటికీలకి కర్టెన్లు, అందరికీ దిండు గలీబులు కుట్టాలని మిషన్ కొన్నాను. మొదటి ఏడాది కుట్టాను కూడా. తర్వాత చూసుకుంటే కొత్తగా కుట్టేవి తగ్గిపోయాయి, బాగు చేసేవి పెరిగిపోయాయి. పొద్దున్నే స్కూలు బస్సు వచ్చే వేళకి ఎవరి ప్యాంటు అంచో విప్పుకుపోయి ఉంటుంది. మా ఆయన చొక్కా చేతి పట్టీ అరిగిపోతుంది. ఎవరో ఒకరి నైట్ ప్యాంటు ఎలాస్టిక్ సాగిపోతుంది. మా పెద్దబాబు స్కూలు ప్యాంటు ఏడాది తిరిగేసరికి పొట్టిదై రెండోవాడికి వస్తుంది, వాడి నుంచి మరిదిగారి అబ్బాయికి వెళ్తుంది. వెళ్ళిన ప్రతిసారీ కాలి మడత పైకో కిందకో మార్చాలి. ఒక్క ప్యాంటుకే ఇలా నాలుగైదు సార్లు మార్చిన రోజులున్నాయి.

మా అత్తయ్యగారి తొక్కుడు మిషన్ ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. దాని మీద నాకెంతో గౌరవం. తిన్నగా వెళ్ళే కుట్టు దానిలా నా మిషన్ వెయ్యలేదు, ఈ మాట మనసారా చెబుతున్నాను. అయితే దాని బల్ల మొత్తం చదును. కుట్టేసి ఉన్న ప్యాంటు కాలిని దాని మీద మడవాలంటే పక్క కుట్టు జానెడు విప్పి, బట్టని పరుచుకుని, మడత కుట్టి, మళ్ళీ పక్క కుట్టు వెయ్యాలి. లేదంటే కాలి లోపలి వైపు నుంచి అంగుళం అంగుళం లాక్కుంటూ పోవాలి. ఒక్కో కాలికి అరగంట పట్టేది నాకు. ఫ్రీ ఆర్మ్ మీద రెండు కాళ్ళూ కలిపి పావుగంట. బస్సు వచ్చేలోపు పని అయిపోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట మామయ్యగారు జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు మోచేతి దాకా వేశారు. ఆయన చొక్కాల చేతులేవీ ఆ కట్టు మీదుగా ఎక్కడం లేదు. చొక్కా వేసుకోకుండా వచ్చినవాళ్ళ ముందు కూర్చోవడం ఆయనకి చాలా కష్టంగా ఉండేది, పైకి మాత్రం అనేవారు కాదు. ఆ రాత్రి మూడు చొక్కాల కుడి చేతి కుట్టు మోచేతి పై దాకా విప్పాను. విప్పిన రెండు అంచులకీ పట్టీలు వేసి, అంటుకునే వెల్క్రో ముక్కలు కుట్టాను. తెరిచి వేసుకుని మూసుకోవచ్చన్నమాట. చదును బల్ల మీద అయితే ఆ సన్నటి చేతి లోపలికి మిషన్ పాదాన్ని, అంటే సూది దగ్గర బట్టని నొక్కి పట్టే భాగాన్ని, పట్టించలేక మధ్యలో వదిలేసేదాన్నేమో. పొద్దున్న ఆయన చొక్కా వేసుకుని, ఎడం చేత్తో వెల్క్రో నొక్కుకుంటూ, "అమ్మాయ్, ఇది నాకు నేనే పెట్టుకోగలుగుతున్నానే" అన్నారు. కట్టు విప్పాక వెల్క్రో తీసేసి మామూలు కుట్టు వేసిచ్చాను. ఒక చొక్కా మాత్రం అలాగే ఉంచమన్నారు, ఇప్పటికీ వేసుకుంటారు.

ఇక మిషన్ చెడిపోయిన సంగతి. అది నాలుగో ఏడు. అక్కతో, అంటే మా పెద్ద తోడికోడలితో, "అక్కా, దీంతో ఏదైనా కుట్టేయొచ్చు" అని నేను అనడం మామూలే. పెద్దబాబు కొత్త జీన్స్ ప్యాంటు పొడవైంది, మర్నాడు పొద్దున్నే వాడు స్నేహితులతో బయలుదేరాలి. రాత్రి పదింటికి తెచ్చిచ్చాడు. జీన్స్ కాలికి ఒక పక్క కుట్టు రెండు అంచుల్నీ ఒకదాంట్లో ఒకటి మడిచి రెండు వరుసలు కుట్టి ఉంటుంది. అక్కడే నాలుగు పొరలు. దాన్ని రెండుసార్లు మడిస్తే పన్నెండు పొరలు. సూది మార్చకుండా, మామూలు గుడ్డకి పెట్టిన 14 నంబరు సూదితోనే మొదలుపెట్టాను. ఆ గుట్ట దగ్గరికి వచ్చేసరికి పాదం ముక్కు పైకి లేచి, బట్ట ముందుకి కదలడం మానేసింది. ఆగి చేత్తో చక్రం తిప్పాల్సింది. నేను పెడల్ ఇంకా గట్టిగా తొక్కాను. సూది వంగి లోపలి ఇనుముకి తగిలి టప్పున విరిగింది.

కొత్త సూది పెట్టాను. అప్పటి నుంచి కుట్టు పడడం లేదు. నాలుగు కుట్లు పడితే ఆరు తప్పుతున్నాయి. పాదం పైకెత్తి దారం మొదటి నుంచీ మళ్ళీ ఎక్కించాను. దారం బిగువు (టెన్షన్) మార్చాను. బాబిన్ కేసు తీసి దూది, దారం పోగులు దులిపాను. సూది చదును వైపు వెనక్కే ఉందా అని రెండుసార్లు చూశాను. మార్పు లేదు. చివరికి టార్చిలైటు పట్టుకుని చేతి చక్రం మెల్లగా తిప్పుతూ లోపలికి చూశాను. సూది అట్టడుగుకి దిగి కొద్దిగా పైకి లేవగానే, వెనక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే కొక్కెం మొన వచ్చి ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పాలి. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు తీసుకున్న కుట్టు మిషన్ నాటి నుంచీ సూది కన్ను మొన దగ్గర పెట్టేది ఈ ఉచ్చు కోసమే. కొక్కెం మొన సూది కంటికి కాస్త పైనుంచి దూరి వెళ్ళాలి. నాదాంట్లో కంటికి దిగువ నుంచి వెళ్ళిపోతోంది. విరిగిన ఆ దెబ్బకి సూదిని పట్టుకునే కడ్డీయే పైకి జరిగిపోయింది.

తెల్లారి సర్వీసుకి ఇచ్చాను. మోటారు బలహీనపడిందేమో చూడాలన్నారు. కడ్డీ జరిగిందని నేను చెబితే వినిపించుకోలేదు. ఈ వారం, వచ్చే వారం అంటూ పదకొండు రోజులు ఉంచుకున్నారు. చివరి రోజు నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. వేరే కుర్రాడొకడు వచ్చి, ఎడమ వైపు మూత తీసి, ఒక్క స్క్రూ వదులు చేసి, కడ్డీని కిందికి దించి, చక్రం తిప్పి చూసి, మళ్ళీ బిగించాడు. పది నిమిషాల పని. నాకు కోపం వచ్చింది ఆ పది నిమిషాల మీద కాదు, దాని కోసం మా ఇంట్లో పదకొండు రోజులు ఆగిపోయిన బట్టల మీద.

ఆ పదకొండు రోజులూ అత్తయ్యగారి మిషనే ఆదుకుంది. దిండు గలీబులు, తువ్వాళ్ళ అంచులు, చిరిగిన దుప్పటి అన్నీ దాని మీద హాయిగా అయిపోయాయి. గుండ్రంగా కుట్టాల్సినవి మాత్రం కుర్చీ మీద పోగుపడ్డాయి. నాలుగు ప్యాంట్లు, రెండు చొక్కా చేతులు, చిన్నదాని స్వెట్టర్ మణికట్టు. అత్తయ్యగారు ఒక ప్యాంటు తీసుకుని పక్క కుట్టు విప్పి, మడిచి, తిరిగి కుట్టి, కళ్ళజోడు తీసి, "మీ మిషన్ రానీ అమ్మా" అన్నారు. నా మిషన్‌ని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత జీన్స్ కుట్టడం ఆపలేదు, పద్ధతి మార్చాను. 16 నంబరు సూది తప్పనిసరి. గుట్టగా ఉన్న చోట బట్ట మీద గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పొరలు అణుగుతాయి. గుట్ట ఎక్కే ముందు పాదం మడమ కింద మందపాటి గుడ్డ ముక్క మడిచి పెడతాను. పాదం చదునుగా నిలబడుతుంది, బట్ట కదులుతుంది. ఆ అంగుళం మేర పెడల్ జోలికి పోను, చక్రం చేత్తోనే తిప్పుతాను. మూడేళ్ళలో మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. "ఏదైనా కుట్టేయొచ్చు" అన్న మాట మాత్రం ఇప్పుడు అనడం లేదు. స్కూలు బ్యాగుల పట్టీలు, అడుగున రెక్సిన్ ఉన్నవి అత్తయ్యగారి మిషన్‌కే ఇస్తాను.

ఫ్రీ ఆర్మ్ పరిమితులు కూడా చెప్పాలి. నా మిషన్ చెయ్యి చుట్టుకొలత 29 సెంటీమీటర్లు. అంతకన్నా సన్నటి గొట్టం దానికి ఎక్కదు. మూడేళ్ళ లోపు పిల్లల ప్యాంటు కాళ్ళు, పసిపిల్లల చొక్కా చేతులు అన్నీ దీనికి బయటే. వాటిని తిరగేసి, గొట్టం లోపలి వైపు నుంచి పాదం పెట్టి కొద్దికొద్దిగా కుట్టాలి, అంటే తొక్కుడు మిషన్ పద్ధతే. మా చిన్నది పుట్టిన రెండేళ్ళూ ఈ విషయంలో నిరాశపడ్డాను. ఇంకోటి, నాది ముందు నుంచి బాబిన్ పెట్టే రకం. పెద్ద దుప్పటి పరుచుకుని కుడుతుండగా బాబిన్ అయిపోతే, దుప్పటిని పక్కకి జరిపి, పెట్టె ఊడదీసి, మూత తెరవాలి. దారం ఎంత మిగిలిందో పైనుంచి కనిపించదు. కర్టెన్లు, దుప్పట్లు ఎక్కువ కుట్టేవాళ్ళకి పైనుంచి బాబిన్ వేసే రకం నయం.

మిగతావి రెండు ముక్కల్లో చెబుతాను. సూదిలో దారం తనంతట తాను ఎక్కించే పరికరం మొదట్లో నాకు వింతగా, ముద్దుగా ఉండేది. దాని వెంట్రుకంత కొక్కెం రెండో ఏడే వంగిపోయింది, ఇప్పుడు చేత్తోనే ఎక్కిస్తున్నాను. చొక్కాల కాజాలు చక్కగా వేస్తుంది, మందపాటి కాలరు దగ్గర మాత్రం ఒక పక్క కుట్లు దగ్గరై ముద్ద కడుతుంది. ఇరవైకి పైగా కుట్లలో నేను వాడేవి నాలుగు. తిన్నటిది, జిగ్ జాగ్, ఎలాస్టిక్‌కి ఒక్కో వాలు గీతని మూడు చిన్న కుట్లుగా వేసే జిగ్ జాగ్, కాజా. సాగే బనీను గుడ్డకి గుండ్రటి మొన సూది పెట్టకపోతే ఏ కుట్టూ సరిగ్గా పడదు, అది మిషన్ లోపం కాదు. రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక కుడితే శబ్దం గోడ అవతలికి వినిపిస్తుంది, కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకుంటాను.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసి ఇలాంటిది కొనమంటావా వదినా అని అడిగింది. వాళ్ళింట్లో ముగ్గురే, తను కుట్టేవి ఎక్కువగా దిండు గలీబులు, పరుపు దుప్పట్లు. నీకైతే అమ్మగారి మిషన్ లాంటిది చాలు, కావాలంటే దానికి మోటారు బిగించుకో అన్నాను. పిల్లల బట్టలు ఒకరి నుంచి ఒకరికి మారే ఇల్లయితే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు కూడా, కొనే ముందు ఆ పెట్టె ఊడదీసి, ఇంట్లో అందరికన్నా సన్నటి ప్యాంటు కాలు ఒకటి వెంట తీసుకెళ్ళి తొడిగి చూడమనేదాన్ని.

నా మిషన్ పెట్టెకున్న ఒక క్లిప్పు ఈ మధ్యే విరిగింది. రోజుకి నాలుగైదు సార్లు తీసి పెడతాను కదా. ప్రస్తుతం అది ఒక పక్క కాస్త వదులుగా కదులుతోంది. కుట్టుకి అడ్డం రావడం లేదు కనుక అలాగే వాడుతున్నాను.