పాత ఫ్రెంచి ప్రేమకథ: ముందు ‘లాతలాంత్’ చూడాలా, ‘చిల్డ్రన్ ఆఫ్ ప్యారడైజ్’ చూడాలా?

సమయం: జాన్ విగో తీసిన ‘లాతలాంత్’ (1934) గంటన్నర. మార్సెల్ కార్నే ‘చిల్డ్రన్ ఆఫ్ ప్యారడైజ్’ (1945) మూడు గంటల పైనే, రెండు భాగాలు.

కథ: మొదటిది సరుకు పడవ మీద కాపురం పెట్టిన కొత్త జంటది. రెండోది పారిస్ నాటకశాలల చుట్టూ, ఒకే స్త్రీని ప్రేమించిన నలుగురు మగవాళ్లది.

ఓపిక: రెండోదాని బలమంతా రచయిత జాక్ ప్రెవెర్ సంభాషణల్లో ఉంది, సబ్‌టైటిల్స్ శ్రద్ధగా చదవాలి. మొదటిదానికి మాటలతో పెద్దగా పనిలేదు. నీళ్లలో కళ్లు తెరిస్తే ప్రేమించినవాళ్ల ముఖం కనిపిస్తుందని అందులోని కొత్త పెళ్లికూతురు జూలియెట్ భర్తతో చెబుతుంది. ఆమె దూరమయ్యాక అతను నదిలోకి దూకేస్తాడు. ఆ మసక నీళ్లలో, పెళ్లి బట్టల్లో, ఆమె నవ్వుతూ తేలుతూ కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. అదే ఏడాది విగో క్షయతో పోయాడు, 29 ఏళ్లకే.

రిస్క్: ‘లాతలాంత్’ను అప్పట్లో బాగా కోసేశారు. పొట్టి ప్రింటు వద్దు, పునరుద్ధరించినదే వెతకండి.

పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం చూడాలంటే ‘లాతలాంత్’. దక్కని ప్రేమ మీద మనసు లాగుతూ, సెలవు రోజు చేతిలో ఉంటే రెండోది.