తుఫాను కబురు: వాతావరణ శాఖ బులెటినా, విండీ మ్యాపా, ఏది మేలు?

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "విండీలో ఒంగోలు దగ్గర చూపిస్తోంది, వాతావరణ శాఖేమో మచిలీపట్నం అంటోంది, ఎవరిది నమ్మాలి?" బాపట్ల వైపు నవంబరు, డిసెంబరుల్లో కోసిన వరి పనలు చేలోనే ఉంటాయి కాబట్టి ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు.

గాలి, వాన మ్యాపులు చూపించే ఈ విండీ యాప్ నాకూ ఇష్టమే. మన ఊరి మీద వేలు పెడితే ఏ గంటకు ఎంత గాలి, ఎంత వాన అని చూపిస్తుంది, బులెటిన్‌లో అంత వివరం దొరకదు. కానీ అది ఎక్కువగా వేరేవాళ్ల కంప్యూటర్ అంచనాలనే బొమ్మ గీసి చూపిస్తుంది. యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ ఒకటి, అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ ఒకటి, ఇంకా కొన్ని. ఐదు రోజుల ముందు చూస్తే ఒకదాంట్లో తుఫాను నెల్లూరు దగ్గరుంటుంది, ఇంకోదాంట్లో ఒడిశా పోతుంది. అందుకని రెండూ మార్చి మార్చి చూడండి. రెండూ ఒకే చోటు చెప్పేదాకా ఏ ఒక్కదాన్నీ పట్టుకుని కూర్చోవద్దు.

వాతావరణ శాఖ బులెటిన్ చదవడానికి పొడిగా ఉంటుంది, వాన హెచ్చరిక చాలావరకు జిల్లా లెక్కన ఇస్తారు, మీ మండలం సంగతి అందులో వెతికినా కనపడదు. అయినా నా ఓటు దానికే. ఎందుకంటే ప్రతి బులెటిన్ మీదా ఎప్పుడు విడుదల చేశారో, ఎన్ని గంటలకు తుఫాను ఎక్కడుందో విడివిడిగా రాసి ఉంటుంది. తొమ్మిదిన్నరకు వచ్చిన బులెటిన్‌లో ఉండేది ఎనిమిదిన్నర నాటి స్థానం కావచ్చు. దారి మారితే తర్వాతి బులెటిన్‌లో మారుస్తారు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో ఏ సమాచారానికైనా నేను ముందు చూసేది ఇదే, ఎవరు చెప్పారన్నదాని కంటే ఎప్పుడు చెప్పారన్నది.

దీని విలువ మాకు 2023లో మిగ్‌జాం తుఫాను అప్పుడు తెలిసొచ్చింది. డిసెంబరు 3న మా ఇంటి గ్రూపులోకి ఒక మ్యాపు వచ్చింది, తుఫాను చెన్నై దగ్గరే తీరం దాటుతున్నట్టు. మ్యాపు నిజమైనదే, ఎవరూ మార్చలేదు. కాకపోతే మూడు రోజుల నాటిది, స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు కింద తేదీ ఉన్న పట్టీని కత్తిరించేశారు. అప్పటికే వాతావరణ శాఖ 5వ తేదీన నెల్లూరు, మచిలీపట్నం మధ్య అని చెబుతోంది. మా బాబాయి మాత్రం ఆ బొమ్మ చూసి పనల మీద కప్పే బరకాలు తేవడం ఒక రోజు ఆపాడు. 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గరే దాటింది, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. నీళ్లలో నానిన పనల్లోంచి వారం తిరక్కుండా తెల్లటి మొలకలు వచ్చాయి, ఆ వాసన ఇంకా గుర్తుంది.

ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్లకు ఒక మాట. వాటి మీద టైము పక్కన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోండి. 06:00 అని ఉంటే మనకు ఉదయం పదకొండున్నర. అలాగే బులెటిన్‌లో వాన గురించి రాసే భారీ, అతి భారీ, అత్యంత భారీ అన్నవి ఊరికే వాడే మాటలు కావు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ.

సొంతంగా వాతావరణం రాసే కుర్రాళ్లలో కొందరు బాగా చెబుతారు, మండలం దాకా చెప్పేది వాళ్లే. నిన్న తప్పిన అంచనాను తీసేయకుండా ఉంచారా లేదా అన్నది చూసి నమ్మండి. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, వాట్సాప్ వీడియోలు తుఫాను రోజుల్లో నేను తెరవను. 2014లో హుద్‌హుద్ తుఫానుకు విశాఖ ఎయిర్‌పోర్టు పైకప్పు ఊడిన దృశ్యాలు ఇవాళ్టివని నాకు రెండుసార్లు వచ్చాయి.

ఇప్పుడు మా గ్రూపులో తేదీ, టైము లేని మ్యాపు ఎవరు పెట్టినా పిన్ని వెంటనే అడుగుతుంది, "ఇది ఎన్నింటిది?" అని. జవాబు రాకపోతే బాబాయి ఆ మ్యాపును నమ్మకుండా బరకాలు బయటికి తీస్తాడు.