ఖరగ్‌పూర్‌లో కారు మాట్లాడుకోకండి, చాకులియా రైలెక్కండి

"రెండో ప్రపంచయుద్ధకాలం నాటి ఎయిర్‌ఫీల్డులన్నీ చూపిస్తా సార్" అని పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఓ కారతను 2,200కి బేరం కుదుర్చుకున్నాడు. తీరా చూపించింది రెండు ప్రహరీగోడలు. కలైకుండ ఇప్పటికీ వాయుసేన స్థావరం, మనలాంటివాళ్లకి ప్రవేశం లేదు. సాలువాలోనూ బలగాల క్యాంపులే. రోజూ అటు తిరిగేవాడికి ఈ సంగతి తెలీదా? పైగా గేటు దగ్గర ఆగినందుకు వెయిటింగ్ 300 అన్నాడు! బావగారు రోడ్డు మీదే వాదనకి దిగి 150కి తెగ్గొట్టారు. కానీ ఆ చిరాకంతా సాయంత్రం దాకా నా మీదే.

లాడ్జి 1,300, ఫర్వాలేదు. ఐఐటీలోని హిజ్లీ షహీద్ భవన్ మాత్రం వదలొద్దు. 1931లో నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద కాల్పులు జరిపి ఇద్దర్ని చంపిన నిర్బంధ శిబిరం అదే. 1944లో ఈ ఎయిర్‌ఫీల్డుల బాంబర్ విమానాల్ని నడిపిన అమెరికన్ల 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయమూ అదే. తర్వాత తొలి ఐఐటీ మొదలైందీ అక్కడే.

మర్నాడు లోకల్ రైల్లో, అలాంటి పాత ఎయిర్‌ఫీల్డే ఉన్న జార్ఖండ్‌లోని చాకులియా వెళ్లాం. టికెట్టు 20, స్టేషన్ నుంచి ఆటో రానూపోనూ 200. టిఫిన్ ఖరగ్‌పూర్‌లోనే కానిచ్చాం. రైల్వే ఉద్యోగాలకి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ బోలెడుమంది. "ఏ ఊరు బాబూ మీది?" అంటూ బండి దగ్గరి పెద్దావిడ అల్లం చట్నీ రెండోసారి వడ్డించేసరికి బావగారి మొహం విచ్చుకుంది. నాలుగిడ్లీలు 40.

చాకులియా రన్‌వే మీద అడ్డుకునేవాళ్లెవరూ లేరు. కాంక్రీటు పలకల సందుల్లో గడ్డి, మేకలు, బైకు నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు. "ఈ గడ్డి చూడ్డానికా లాక్కొచ్చావు?" అన్నారు బావగారు. ఇక్కడా చుట్టుపక్కల స్థావరాల్లోంచీ 1944 జూన్ 5న 98 బీ-29 భారీ బాంబర్ విమానాలు బ్యాంకాక్ రైల్వే యార్డు మీదకి లేచాయి, ఆ రకం విమానాలు చేసిన మొదటి దాడి అదే అని చెప్పాను. జపాన్ మీదకి వెళ్లాలంటే అంతదూరం ఇక్కణ్ణుంచి అందదు కాబట్టి, ముందు హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్డూకి పెట్రోలు మోసుకెళ్లాలి, ఒక్క దాడికి పలుమార్లు. "అంటే మోతకూలికే సగం పెట్రోలు అయిపోయేదన్నమాట!" అని నవ్వి, ఆ చివరిదాకా నడిచొచ్చారు.

నీడ లేదు, నీళ్లు దొరకవు, రెండు సీసాలు పట్టుకెళ్లండి. దుధ్‌కుండి అనే ఇంకో పాత ఎయిర్‌ఫీల్డు కూడా చూపిస్తానని ఎవరైనా అంటే కదలకండి. అదిప్పుడు వాయుసేన బాంబులు వేసి సాధన చేసే చోటు.