వెళ్లనిచ్చే లిస్టా, ఆపే లిస్టా?

మా కావలి వైపు రొయ్యల రైతులకు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీగా రేట్లు ఎస్ఎంఎస్ పంపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి, జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే డెనో అనే టూల్‌లో రాశాను. అది వెళ్లాల్సింది రెండే అడ్రస్‌లకు: రేట్లు తెచ్చేదొకటి, మెసేజ్ పంపేదొకటి.

మొదట నెట్ మొత్తం తెరిచి, వద్దనుకున్న అడ్రస్‌లు మాత్రం డినై నెట్ అనే ఆపే లిస్టులో రాశాను. ఐదు నిమిషాల పని, ఏదీ ఆగదు. కానీ ఆపగలిగేది మనకు తెలిసిన వాటినే కదా, ఎవరో రాసిన లైబ్రరీ (మనం తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్) రైతుల ఫోన్ నంబర్లను ఊరూపేరూ తెలియని చోటికి పంపితే దాన్ని ఆపే రూలే అక్కడ ఉండదు.

అందుకే తిరగేశాను. అడిగితే తప్ప డెనో నెట్ ఇవ్వదు కాబట్టి, అలౌ నెట్ అనే వెళ్లనిచ్చే లిస్టులో ఆ రెండు అడ్రస్‌లే, పోర్టు 443 (సురక్షిత వెబ్ కనెక్షన్‌లు వాడే నంబర్)తో సహా రాశాను. ఓ రోజు లైబ్రరీ అప్‌డేట్ చేసి నడిపితే టెర్మినల్ ఆగిపోయి, నేనెప్పుడూ చూడని అడ్రస్ ఒకటి చూపించి పర్మిషన్ ఇవ్వాలా అని అడిగింది. గుండె ఝల్లుమంది. వద్దని కొట్టి పాత వెర్షన్‌కే వెళ్లాను.

కష్టం లేదని కాదు. తెల్లవారుజామున దానంతటదే నడిచేటప్పుడు అడగడానికి మనిషి ఉండడు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మెసేజ్ కంపెనీ అడ్రస్ మార్చిన రోజు రైతులకు రేట్లే వెళ్లలేదు, పొద్దున్నే ఫోన్ల మీద ఫోన్లు.

రెండూ కలిపి కూడా వాడొచ్చు, ఒకే అడ్రస్ రెండింట్లో ఉంటే డినై మాటే చెల్లుతుంది. నంబర్లు, డబ్బు ముట్టుకునే ప్రోగ్రామ్ అయితే మాత్రం నేను వెళ్లనిచ్చే లిస్టే పెడతాను.