పవర్ రీజనరేటర్: ఏడేళ్లు వాడాక చెప్పగలిగిన మాటలు

నేను రీజనరేటర్ (గోడ కరెంటును మళ్లీ కొత్తగా తయారుచేసి ఆడియో పరికరాలకు అందించే పెట్టె) కొనడానికి కారణం సంగీతం కాదు, మోత. పాట ఆపేసినా, స్పీకర్ల తీగలు ఊడదీసినా, పవర్ యాంప్లిఫైయర్ పెట్టెలోంచి సన్నగా గుయ్యిమనే శబ్దం వచ్చేది. అది ఒక్కో రాత్రి కుర్చీ దాకా వినిపించేది, ఒక్కో రాత్రి చెవి ఆనిస్తే తప్ప తెలిసేది కాదు. ఇంట్లో ఎవరైనా హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పెట్టిన క్షణానే ఆ మోత హెచ్చుతుందని చాలా కాలం తర్వాత గమనించాను. సగం వేడి కోసం కొన్ని డ్రయ్యర్లు ఒక డయోడ్ సాయంతో ఏసీ తరంగంలో ఒక అర్ధభాగాన్నే వాడుకుంటాయి, దాంతో లైనులో కొద్దిపాటి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) చేరుతుంది. గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప చుట్టలో గాలి ఖాళీ ఉండదు కనుక, వోల్టు లోపు డీసీకే అది సంతృప్త స్థితికి చేరి (ఇనుము ఇక అయస్కాంతత్వాన్ని మోయలేని స్థితి) మోత మొదలుపెడుతుంది. ఈ ఒక్క బాధే ఉన్నవారికి రీజనరేటర్ అవసరం లేదు. కెపాసిటర్లు, డయోడ్లతో కట్టిన డీసీ బ్లాకర్ అనే చిన్న పెట్టె చాలు. నాకు మరో రెండు బాధలు కూడా ఉన్నందువల్లే పెద్ద ఖర్చుకు సిద్ధపడ్డాను.

వాటిలో మొదటిది, వోల్టేజి సాయంత్రం 205కు దిగి అర్ధరాత్రి దాటాక 248కి ఎక్కడం. రెండవది మల్టీమీటరుకు అందని సంగతి. ఎలక్ట్రానిక్స్ తెలిసిన మిత్రుడొకరు అందుకు తగిన ప్రోబుతో ఆసిలోస్కోప్ (తరంగం ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) తగిలించి చూపించాకే అది అర్థమైంది. 230 వోల్టుల సైన్ తరంగం శిఖరం 325 వోల్టుల దగ్గర ఉండాలి. మా లైనులో మీటరు 230 చూపుతున్నప్పుడు కూడా శిఖరం 310 దాటలేదు, తరంగం తల ఎవరో అరచేత్తో అదిమినట్టు చదునుగా ఉంది. కంప్యూటర్లు, టీవీలు, ఎల్ఈడీ దీపాలు, వాటన్నిటిలోని రెక్టిఫైయర్లు (ఏసీని డీసీగా మార్చే భాగాలు) తరంగం శిఖరం దగ్గర మాత్రమే కరెంటు లాగుతాయి కనుక అందరూ కలిసి ఆ కొననే అరగదీస్తారు. యాంప్లిఫైయర్ కెపాసిటర్లు నిండేది శిఖరం మేరకే. మీటరు లెక్కకు సరిగ్గా ఉన్న వోల్టేజి, యాంప్లిఫైయర్ లెక్కకు దాదాపు 5 శాతం తక్కువన్నమాట.

స్టెబిలైజర్ వోల్టేజిని ఎత్తుతుంది, దించుతుంది, కానీ తరంగం ఆకారాన్ని ముట్టుకోదు. రిలే రకమైతే మెట్లు మారినప్పుడల్లా టక్కుమంటుంది. ఫిల్టరు పెట్టె పై పౌనఃపున్యాల రొదను కొంత అడ్డుకుంటుంది, వోల్టేజిని సరిచేయలేదు. రీజనరేటర్ పని వేరు. అది వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చి, లోపలి ఆసిలేటర్ తయారుచేసిన శుభ్రమైన సైన్ తరంగాన్ని ఒక పవర్ యాంప్లిఫైయర్‌తో పెద్దది చేసి కొత్త కరెంటుగా అందిస్తుంది. పీఎస్ ఆడియో సంస్థ 1990ల చివర పీ300తో ఈ పద్ధతిని ఇళ్లలోని ఆడియోకు పరిచయం చేసింది. అక్యూఫేజ్ అనే మరో ఆడియో సంస్థ పవర్ సప్లైలది మరో దారి: వచ్చిన తరంగాన్ని ఆదర్శ తరంగంతో పోల్చి, తేడా మేరకే కలుపుతాయి లేదా తీసివేస్తాయి. అందువల్ల వేడి తక్కువ. నేను మొదటి పద్ధతి పరికరాన్ని ఎంచుకున్నాను. దాని ముందు పలక మీద లోపలికి వచ్చే తరంగంలో వక్రత (శుద్ధమైన సైన్ ఆకారం నుంచి తేడా) సాయంత్రాలు 3 నుంచి 4 శాతం మధ్య, బయటికి వెళ్లే తరంగంలో అర శాతం లోపు కనిపిస్తుంది. ఏడేళ్లలో ఆ రెండవ అంకె పెద్దగా కదలలేదు.

ఎంపికలో నేను చేసిన పెద్ద పొరపాటు సామర్థ్యం విషయంలోనే. మొదట ఒక మిత్రుని దగ్గర 300 వీఏ (వోల్ట్-ఆంపియర్, అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్క) పరికరం తెచ్చి చూశాను. నా యాంప్లిఫైయర్ ఒక్కో చానల్‌కు 100 వాట్లది, సంగీతంలో సగటు వాడకం అందులో చిన్న భాగమే కనుక 300 ఎక్కువే అనుకున్నాను. మోత పోయింది, మెల్లని గాత్రం హాయిగా ఉంది, కానీ గట్టి డ్రమ్ము దెబ్బలు పడే చోట ఏదో పట్టి ఆపినట్టు బిగుసుకుపోయింది. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే కారణం దొరికింది. రెండు చానళ్లూ నిండుగా పనిచేస్తే గోడ నుంచి సుమారు 350 వాట్లు కావాలి. ఇలాంటి పవర్ సప్లై శక్తి గుణకం (వాట్లను వీఏతో భాగిస్తే వచ్చే అంకె) 0.65 దరిదాపుల్లో ఉంటుంది కనుక అది దాదాపు 540 వీఏ అవుతుంది. మీటరు చూపే కరెంటు 2.3 ఆంపియర్లే, కానీ ఆ కరెంటంతా తరంగం కొన దగ్గర గుటకలు గుటకలుగా లాగబడుతుంది కాబట్టి క్షణికంగా అది మూడింతలు, అంటే 7 ఆంపియర్లు. 300 వీఏ పరికరం నిరంతరం ఇవ్వగలిగింది 1.3 ఆంపియర్లు, అదీ మూడింతలు ఇవ్వగలదనుకున్నా 4 దాటదు. గోడ ప్లగ్గు ఇవ్వగలిగిన దానికంటే తక్కువ ఇచ్చే పెట్టెను మధ్యలో పెట్టి సంగీతం బాగుపడాలని కోరుకోవడం న్యాయం కాదు. స్పీకర్లు 4 ఓమ్‌లవైతే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

అందుకే కరపత్రంలో వీఏ అంకె ఒక్కటే చూసి కొనవద్దని గట్టిగా చెబుతాను. క్షణికంగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకు లోపలే ఎదురయ్యే అడ్డు) ఎంత అనే రెండు సంగతులు అడగాలి. ఇంటి వైరింగ్, బయటి లైను కలిసి అర ఓమ్ ఉందనుకుంటే 7 ఆంపియర్ల గుటకకు మూడున్నర వోల్టులు అక్కడే పోతాయి. మంచి రీజనరేటర్ ఇంపిడెన్స్ దానికంటే ఎన్నో రెట్లు తక్కువగా ఉండాలి, లేకపోతే పవర్ యాంప్లిఫైయర్‌కు దానివల్ల లాభం లేదు. నేను చివరకు 1200 వీఏ పరికరం తీసుకున్నాను. ఆ బిగుసుకుపోవడం మళ్లీ ఎన్నడూ వినిపించలేదు. అయితే అంత పెద్దదాన్ని కూడా నా యాంప్లిఫైయర్ ఆన్ చేసిన తొలి క్షణం రెండుసార్లు రక్షణలోకి నెట్టింది. పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ మొదటి అర చక్రంలో పదుల ఆంపియర్లు లాగగలదు. యాంప్లిఫైయర్‌కు సాఫ్ట్ స్టార్ట్ సర్క్యూట్ (తొలి క్షణపు కరెంటును అదుపు చేసేది) వేయించాక ఆ సమస్య పోయింది.

నాకు ఎక్కువ సంతృప్తినిచ్చింది వాల్వుల (గాజు గొట్టాల) ప్రీయాంప్లిఫైయర్, అంటే పవర్ యాంప్లిఫైయర్ ముందుండే పెట్టె. దాని ఫిలమెంట్లకు (వాల్వులను వేడిచేసే తీగలకు) రెగ్యులేటర్ లేదు, 6.3 వోల్టులు నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వెళ్తాయి. లైను 205 ఉన్న సాయంత్రం అవి 5.6కు దిగేవి, 248 ఉన్న రాత్రి 6.8కి ఎక్కేవి. మామూలుగా చెప్పే పది శాతం హద్దుకు ఒకటి కిందికి జారింది, మరొకటి అంచున నిలిచింది. ఇప్పుడు ఏ వేళ కొలిచినా 6.3 దగ్గరే ఉంటుంది. పూర్వం రెండేళ్లకే గరగరలాడిన వాల్వుల స్థానంలో వేసిన జత ఐదో ఏట కూడా నిశ్శబ్దంగా పనిచేస్తోంది. ఒక్క జత అనుభవంతో సూత్రం కట్టలేను గాని, రీజనరేటర్‌ను నేను ఇష్టపడటానికి ఇదే మొదటి కారణం.

రికార్డ్ ప్లేయర్ సంగతి కూడా చెప్పాలి. సింక్రనస్ మోటారు వేగం వోల్టేజి మీద కాక పౌనఃపున్యం మీద ఆధారపడుతుంది. నా పరికరంలో పౌనఃపున్యం మార్చే సదుపాయం ఉంది కాబట్టి, 50 హెర్ట్జ్‌లకు 33⅓ చుట్లు తిరిగే ప్లేయర్‌ను 67.5కు పెట్టి, బెల్టు ముట్టుకోకుండానే 45 చుట్ల రికార్డు వింటున్నాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ఆ సమయంలో అదే అవుట్‌లెట్ వరుస మీద వేరే పరికరాలు ఉండకూడదు. అన్ని రీజనరేటర్లలో ఈ సదుపాయం ఉండదు, కావలసినవారు ముందే చూసుకోవాలి.

మారనివి కూడా దాచకుండా చెప్పాలి. డిజిటల్ సంకేతాన్ని వినగలిగే సంకేతంగా మార్చే పెట్టెను డాక్ అంటారు. డాక్‌ను గోడ ప్లగ్గుకూ రీజనరేటర్‌కూ మార్చి మార్చి, ఏది దేనికి ఉందో నాకు చెప్పకుండా మా తమ్ముడు 16 సార్లు వినిపించాడు. నేను సరిగ్గా చెప్పింది 9 సార్లు, అది బొమ్మా బొరుసూ వేసినట్టే. దాని పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా స్వీకరించే రకం కనుక ఇందులో వింత లేదు. స్పీకర్లలో వచ్చే గ్రౌండ్ లూప్ హమ్ (పరికరాల ఎర్త్ దారులు వలయంగా కలిసి తెచ్చే గుయ్యిమనే మోత)‌ను కూడా ఇది తీసేయలేదు. ఎర్త్ తీగ రీజనరేటర్ గుండా నేరుగా వెళ్తుంది, అలాగే వెళ్లాలి కూడా. ఆ హమ్ కోసం ఎర్త్ పిన్ను ఊడదీయడం ప్రాణాల మీదికి తెచ్చుకునే పని, దయచేసి ఎవరూ చేయవద్దు. కేబుల్ టీవీ తీగకు ఐసొలేటర్ (ఆ వలయాన్ని తెంచే చిన్న పరికరం) పెట్టాక నాది పోయింది.

వేడి గురించి అమ్మేవారు ఎక్కువగా మాట్లాడరు. 85 శాతం దక్షత ఉన్న పరికరం 400 వాట్లు అందిస్తూ 70 వాట్లను వేడిగా గదిలోకి వదులుతుంది. బీరువాలో మూసి పెడితే ఫ్యాను తిరగక తప్పదు, ఫ్యాను తిరిగితే ఒక మోతను వదిలించుకుని మరొకటి తెచ్చుకున్నట్టు అవుతుంది. నాది నాలుగు వైపులా గాలి ఆడే అరలో ఉంది, ఆరు నెలలకొకసారి దుమ్ము దులుపుతాను. ఐదో ఏట అవుట్‌పుట్ రిలే ఒకటి కాంటాక్టులు కాలిపోయి పరికరం ఆగిపోయింది. మరమ్మతుకు ఏడు వారాలు పట్టింది, పెట్టె బరువు వల్ల పంపడమే ఒక ప్రయాస. చెడిపోతే ఎక్కడ బాగుచేస్తారన్నది కొనేముందే అడగవలసిన ప్రశ్న. లోడు ఎక్కువైనా, లైను మరీ పడిపోయినా పరికరం నేరుగా గోడ కరెంటుకు కలుపుతుందా, పూర్తిగా ఆపేస్తుందా అన్నది కూడా అడగాలి. వాల్వులున్నవారికి రెండవదే క్షేమం. ఇంతకంటే చౌకగా ఆన్‌లైన్ యూపీఎస్ కూడా ఏసీని డీసీగా, తిరిగి ఏసీగా మారుస్తుంది. నేను విన్న రెండింటిలోనూ ఫ్యాను ఆగకుండా తిరిగింది, గది వేరుగా ఉన్నవారికైతే అది పనికొస్తుంది.

కొనదలచినవారు పరికరాన్ని ఒక సాయంత్రం ఇంటికి తెచ్చుకునే వీలుంటే తప్పక తెచ్చుకోవాలి. వోల్టేజి బాగా పడిపోయే వేళ చూసి, మీ యాంప్లిఫైయర్‌ను దానికే తగిలించి, మీరు మామూలుగా వినే దానికంటే కొంచెం గట్టిగా, లోతైన బాస్ ఉన్న భాగాన్ని పది నిమిషాలు వినిపించండి. ఆ తర్వాత పాట ఆపి, ఫ్యాను తిరుగుతోందో లేదో కుర్చీలో కూర్చునే వినండి.