బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ: కంపెనీదా, బయటిదా?

ఈ మధ్య ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. బండికి వారంటీ అయిపోవస్తోంది, దాన్ని పొడిగించడానికి షోరూమ్ వాళ్లు ఒక రేటు చెప్తున్నారు, ఇంకెవరో ఫోన్ చేసి అంతకంటే తక్కువకే ఇస్తామంటున్నారు, ఏది తీసుకోమంటారు అని. నా బండికి కూడా వచ్చే నెల మూడేళ్లు నిండుతున్నాయి కాబట్టి రెండు రకాల కాగితాలూ ముందేసుకుని, వెనకవైపు చిన్న అక్షరాలతో సహా చదివాను.

కార్బొరేటర్ బండ్ల రోజుల్లో అడిగి ఉంటే రెండూ వద్దనేవాణ్ని. ఏం పోయినా విజయవాడ ఆటోనగర్‌కి తోసుకెళ్తే సాయంత్రానికి బండి చేతికొచ్చేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బండి పొగ మీద పెట్టిన కొత్త కాలుష్య ప్రమాణాలు) వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఇప్పుడు 110 సీసీ బండికి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్), సెన్సార్లు ఉంటున్నాయి. ఫ్యూయల్ పంప్, ఏబీఎస్ యూనిట్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది), డిజిటల్ మీటర్ లాంటివి పోతే సర్వీస్ సెంటర్‌లో విప్పి బాగుచేయరు, మొత్తం తీసి కొత్తది వేస్తారు. అలాంటిది ఒక్కటి పోయినా వారంటీకి కట్టే డబ్బు కంటే ఎక్కువే వదులుతుంది. అందుకే ఇప్పుడు ఏదో ఒక వారంటీ ఉండాలనే అంటాను.

అడిగినవాళ్లందరూ రేటు పోలుస్తున్నారు, ఏయే పార్టులు కవరవుతాయని చూస్తున్నారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది: బండి పాడైన రోజున "ఇది వారంటీలోకి వస్తుంది" అని చెప్పాల్సింది ఎవరు, ఆ మనిషి దగ్గరికి మీరు ఎంత తేలిగ్గా వెళ్లగలరు?

మా బావమరిది బండి కొన్నప్పుడు షోరూమ్‌లో ఆన్‌రోడ్ ధరలోనే "ఐదేళ్ల వారంటీ" అని కలిపి కట్టించుకున్నారు. కంపెనీదే అనుకున్నాడు. నాలుగో ఏడు ఫ్యూయల్ పంప్ పోయింది. సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూసి, "మా సిస్టమ్‌లో మీకు వారంటీ లేదండి, కాగితం మీదున్న నంబర్‌కి ఫోన్ చేసుకోండి" అన్నారు. వాళ్లకి ఫోన్ చేస్తే ఎస్టిమేట్ పంపమన్నారు, మీటర్ ఫోటో అడిగారు, మొదటి సర్వీసు నుంచి బిల్లులన్నీ అడిగారు, ఆ తర్వాత చూడటానికి మనిషిని పంపిస్తామన్నారు. అప్పటిదాకా బండిని ముట్టుకోవద్దన్నారు. చివరికి క్లెయిమ్ ఒప్పుకున్నారు, అది నిజమే, కానీ ముందు డబ్బంతా వీడే కట్టుకోవాల్సి వచ్చింది, తర్వాత తరుగుదల తీసేసి మిగిలింది అకౌంట్లో వేశారు. పద్దెనిమిది రోజులు ఆటోల్లో డ్యూటీకి తిరిగాడు. ఆ ఖర్చు ఎవరిస్తారు?

కంపెనీ వారంటీలో ఈ తిరుగుడు ఉండదు. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డ్ తెరవగానే మీ వారంటీ సిస్టమ్‌లో కనపడుతుంది, పార్టు మార్చి ఇచ్చేస్తారు, ఆ డబ్బు డీలర్, కంపెనీ చూసుకుంటారు. అలాగని ప్రతి క్లెయిమూ ఒప్పుకుంటారని కాదు. "ఇది అరుగుదల" అంటారు, "రెండో సర్వీసు లేటుగా చేయించారు" అంటారు. కానీ అక్కడ మీరు వాదించాల్సింది ఒక్కరితోనే. డీలర్ కాదంటే పైన కంపెనీ కస్టమర్ కేర్ ఉంది, ఏరియా సర్వీస్ మేనేజర్ ఉన్నాడు. బయటి వారంటీలో మీకు అమ్మింది ఒకరు, కాగితం మీద పేరు ఇంకొకరిది, చాలాసార్లు వాళ్ల వెనక డబ్బులిచ్చే ఇన్సూరెన్స్ కంపెనీ మూడోది. ఎవరిని అడిగినా పక్కవాళ్లను చూపిస్తారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఏ వారంటీ గురించైనా ఫిర్యాదు చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు (సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి), కానీ ఎవరి మీద వేయాలో తెలిసినప్పుడే ఆ పని సులువు.

అందుకే షోరూమ్‌లోనే కొంటున్నా, డబ్బు కట్టే ముందు సర్టిఫికెట్ నమూనా అడిగి పైన ఎవరి పేరుందో చూడండి. షోరూమ్‌లో అమ్మారు కదా అని కంపెనీది అయిపోదు. "ఐదేళ్లు" అంటే కంపెనీ ఇచ్చిన మూడేళ్లు కలుపుకునా, ఆ తర్వాత ఐదేళ్లా అని కూడా అడగండి. కిలోమీటర్ల పరిమితి ఇంకా ముఖ్యం. రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ అబ్బాయికి 30,000 కిలోమీటర్లు పది నెలల్లో అయిపోతాయి, అతనికి ఏళ్ల లెక్కతో పనే లేదు. పైగా కిరాయికి, డెలివరీకి తిప్పే బండ్లను పక్కన పెట్టే షరతు చాలా ప్లాన్లలో ఉంటుంది.

బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్, టైర్లు, బల్బులు ఎలాగూ ఏ వారంటీలోనూ రావు. ఫాగ్ లైట్ల కోసం వైరింగ్ కోసి జాయింట్లు వేయించి ఉంటే ఎలక్ట్రికల్ క్లెయిమ్ దాదాపు పోయినట్టే, అది ఎవరి వారంటీ అయినా.

బయటిది మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. కంపెనీ ప్లాన్ మామూలుగా అసలు వారంటీ అయిపోకముందే తీసుకోవాలి. ఆ గడువు దాటిపోయినా, సెకండ్ హ్యాండ్ బండి కొన్నా కొన్ని కంపెనీలు ఇవ్వవు. అప్పుడు బండిని చెక్ చేసి ఇచ్చే బయటి ప్లాన్ తీసుకోవడంలో తప్పులేదు, కాకపోతే మీ ఊళ్లో ఏ వర్క్‌షాప్‌లో డబ్బు కట్టకుండా పని చేస్తారో పేరు చెప్పమనండి. దానికీ ముందు కంపెనీనే ఒకసారి అడగండి. హోండా 2023లో తెచ్చిన ప్లాన్ పదేళ్ల దాకా వర్తిస్తుంది, బండి పాతబడ్డాక కూడా తీసుకోవచ్చు. హీరో మోటార్‌సైకిళ్లకైతే మామూలు వారంటీయే ఐదేళ్లు లేదా 70,000 కిలోమీటర్లు, కాబట్టి రెండో ఏట ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడాల్సిన పనే లేదు.

ఏదీ తీసుకోకుండా ఆ డబ్బు విడిగా దాచుకునేవాళ్లు ఉన్నారు. నెలకి రెండు వందల కిలోమీటర్లు కూడా తిరగని బండికి అది సరిపోతుంది.

ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లడం వీటిలో దేనిలోనూ రాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బండ్లు మునిగినప్పుడు వారంటీ కాగితాలు పట్టుకుని వెళ్లడం వల్ల ఉపయోగం లేదు. దానికి ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా కట్టుకోవాలి.

నేను కంపెనీదే తీసుకుంటున్నాను. బయటిది దాదాపు ఎనిమిది వందలు తక్కువకే వస్తోంది, అయినా సరే. శనివారం సర్వీసుకి ఇచ్చినప్పుడే కట్టేసి, అడ్వైజర్ పక్కనే నిలబడి, నా ఛాసిస్ నంబర్ మీద కొత్త గడువు తేదీ సిస్టమ్‌లో పడిందో లేదో చూసుకున్నాకే బయటికొస్తాను.