మొదటి బహుమతి కారు, మూడో బహుమతి ఉద్యోగం ఊడటం: ‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’

కొన్నేళ్ల క్రితం ఒక సేల్స్ ట్రైనింగ్‌లో ట్రైనర్ గారు ప్రొజెక్టర్ మీద ఏడెనిమిది నిమిషాల క్లిప్ వేశారు. ఖరీదైన సూటు, అంతకన్నా ఖరీదైన వాచీ పెట్టుకున్న ఒకడు వాన రాత్రి ఒక చిన్న రియల్ ఎస్టేట్ ఆఫీసుకొచ్చి, అక్కడున్న ముగ్గురు సేల్స్‌మెన్‌ను కడిగి ఆరేస్తాడు. ఎక్కువ అమ్మినవాడికి క్యాడిలాక్ కారు, రెండోవాడికి మాంసం కోసుకు తినే స్టేక్ కత్తుల సెట్టు, మూడో స్థానంలో వచ్చినవాడు ఇంటికి పోవడమే. అమ్మడమంటే ఇలా ఉండాలి అన్నారు ఆయన. మేమంతా చప్పట్లు కూడా కొట్టాం. తర్వాతెప్పుడో ఆ క్లిప్ ఉన్న ‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’ సినిమా మొత్తం చూశాక అర్థమైంది, ఆయన ఆ క్లిప్ దాటి ముందుకెళ్లి ఉండరని.

సినిమా 1992లో వచ్చింది, దర్శకుడు జేమ్స్ ఫోలీ. డేవిడ్ మామెట్ తన నాటకాన్నే స్క్రీన్‌ప్లేగా మార్చుకున్నాడు, ఆ నాటకానికి 1984లో అమెరికాలో పెద్ద బహుమతైన పులిట్జర్ వచ్చింది. విచిత్రమేంటంటే అందరూ షేర్ చేసుకునే ఆ తిట్ల ఉపన్యాసం అసలు నాటకంలో లేదు, సినిమా కోసం కొత్తగా రాశాడు. మామెట్ కుర్రతనంలో షికాగోలో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో పనిచేశాడు, అది ప్రతి డైలాగులో తెలుస్తుంది.

కథంతా ఒక రాత్రి, మర్నాడు పొద్దున. ఒక ఆఫీసు, ఎదురుగా ఒక చైనీస్ రెస్టారెంట్, ఆ రాత్రి ఆగని వాన. వీళ్లు అమ్మేది ఎక్కడో దూరాన ఉన్న, కొనేవాడు కంటితో చూడని స్థలాలు. గొడవంతా లీడ్స్ గురించే. లీడ్ అంటే ఇంకేం లేదు, కొనే అవకాశమున్న మనిషి పేరూ నంబరూ ఉన్న కార్డు. మంచి లీడ్స్ కట్ట మేనేజర్ బీరువాలో ఉంటుంది, కానీ అది అమ్మినవాడికే ఇస్తారు. మరి అమ్మాలంటే మంచి లీడ్ కావాలి కదా? ఆ ముక్క ఎవరైనా అడిగితే నీకు చేతకాదు అంటారు. నా లెక్కలో సినిమా అంతా ఈ మెలికలోనే ఉంది, ఆ సూటువాడి గర్జనలో కాదు.

ఇది నాకు ఎందుకు అంత గట్టిగా తగిలిందంటే నేనూ ఎనిమిది నెలలు హైదరాబాద్‌లో వెంచర్ ప్లాట్లు అమ్మాను. చేరిన రోజే చేతిలో మూడేళ్ల పాత ఎక్సెల్ షీటు పెట్టారు. ఒక నంబరుకి చేస్తే ఆయన భార్య ఎత్తి, ఆయన పోయి ఏడాదైంది బాబూ అంది. సారీ చెప్పి పెట్టేశాను. మా మేనేజర్ తల కూడా ఎత్తకుండా, “మరి ఆవిడకి సైట్ విజిట్ గురించి చెప్పావా?” అన్నాడు.

అందుకే జాక్ లెమన్ చేసిన షెల్లీ లెవీన్‌ను చూస్తుంటే కూర్చోలేకపోయాను. ఒకప్పుడు పేరుమోసిన సేల్స్‌మన్, ఇప్పుడు కూతురు ఆసుపత్రిలో, చేతిలో పాచి లీడ్స్. ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడుతూ పక్కన లేని సెక్రటరీకి ఆర్డర్లు వేస్తుంటాడు, తనేదో పెద్ద మనిషినన్నట్టు. వానలో తడిసి ఒకాయన ఇంటికెళ్లి, పొమ్మంటున్నా నవ్వు చెదరకుండా మాట్లాడుతూనే ఉంటాడు, ఆ ఇంటాయన మర్యాదగానే గుమ్మం దాకా తోసేస్తాడు. కెవిన్ స్పేసీ చేసిన మేనేజర్‌తో లీడ్స్ కోసం బేరమాడే సీను ఇంకా ఘోరం. కమిషన్‌లో పది శాతం ఇస్తానంటాడు లెవీన్, ఇరవై కావాలంటాడు మేనేజర్, పైన లీడ్‌కి 50 డాలర్లు అంటాడు, సరేనని తీరా చూస్తే లెవీన్ జేబులో అంత డబ్బు ఉండదు. కోపం, బుజ్జగింపు, బతిమాలడం, మళ్లీ కోపం, అన్నీ రెండు నిమిషాల్లో. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ ఏడాది ఉత్తమ నటుడి అవార్డు లెమన్‌కే ఇచ్చారు.

ఆస్కార్ నామినేషన్ మాత్రం అల్ పచీనోకి వచ్చింది. ఆయన చేసిన పాత్ర రికీ రోమా, ఆఫీసులో అమ్మకాల బోర్డు మీద నంబర్ వన్. గమనించండి, ఆ తిట్ల మీటింగ్‌కి రోమా రానే రాడు. ఎదుటి రెస్టారెంట్‌లో కూర్చుని ఒక అమాయకుడికి జీవితం గురించి ఏవేవో కబుర్లు చెబుతుంటాడు, ప్లాట్ మాట ఎత్తడానికే చాలాసేపు పడుతుంది. మర్నాడు అదే అమాయకుడు, భార్య పంపగా, డబ్బు వెనక్కిమ్మని వస్తాడు. రద్దు చేసుకోవడానికి చట్టం మూడు రోజులు ఇస్తుంది. రోమా లెవీన్‌కి చిన్న సైగ చేస్తాడు, అంతే, లెవీన్ అప్పటికప్పుడు అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌లో పెద్ద ఆఫీసరైపోతాడు. ఇద్దరూ కలిసి ఆ మనిషికి రోజుల లెక్క తప్పించడానికి ఆడే ఆట చూస్తుంటే, తప్పని తెలిసినా నవ్వొస్తుంది. సినిమా మొత్తంలో వీళ్లు ఒకరికొకరు సాయపడేది మూడోవాణ్ణి ముంచేటప్పుడే.

మిగతా ఇద్దరు సేల్స్‌మెన్‌గా చేసిన ఎడ్ హ్యారిస్, అలన్ ఆర్కిన్ ఆఫీసు దొంగతనం గురించి మాట్లాడుకునే భాగం కూడా భలే ఉంటుంది. ఊరికే మాట్లాడుకుంటున్నాం అని మొదలెట్టి, విన్నావు కాబట్టి నువ్వూ భాగస్తుడివే అని తేల్చేస్తాడు హ్యారిస్. ఆ దొంగతనం ఎటు దారితీసిందో చెప్పను.

లోపాలు లేవని కాదు. నాటకం వాసన పోలేదు, గదులు దాటి బయటికెళ్లేది తక్కువ. ఆడవాళ్లు దాదాపు లేరు. మొదటి ఇరవై నిమిషాలు ఎవరు ఎవర్ని దేనికి తిడుతున్నారో తెలియదు, సబ్‌టైటిల్స్ లేకపోతే కష్టమే. ఇక బూతులంటారా, పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. థియేటర్లలో అప్పట్లో ఆడలేదు కూడా. కానీ 100 నిమిషాల్లో ఒక్క సీను తీసేయమంటే నేను తీయలేను.

మొన్న ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టాను, మా ట్రైనర్ గారే. ఇప్పుడు ఇన్సూరెన్స్ చేస్తున్నారట. నన్ను గుర్తుపట్టలేదు పాపం, ఏదో లిస్టులో వరసగా చేసుకుంటూ వస్తున్నట్టున్నారు. ఐదు నిమిషాలు విని, ఆలోచించి చెప్తానన్నాను.